అమెరికా నుంచి వచ్చిన పాత ఆయిల్ పెయింటింగ్ నల్లగొండ ఎండకు, వానకు తట్టుకోవాలంటే

అమెరికాలో పెద్దవాళ్లు పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ పెట్టే ఎస్టేట్ సేల్స్‌లో పాత ఆయిల్ పెయింటింగులు చవగ్గా దొరుకుతుంటాయి. అక్కడున్న కొడుకో కోడలో ముచ్చటపడి ఒకటి కొని, సెలవులకు వచ్చేటప్పుడు నల్లగొండకో మిర్యాలగూడకో పాలమూరుకో పట్టుకొస్తారు. వాటిలో తరచూ కనిపించే రకం ఇది: బయట గడ్డిలోనో, కట్టె కంచె పక్కనో, వాగు ఒడ్డునో గడ్డిటోపీ పెట్టుకున్న ఒక పిల్లాడు. 1861–65 అంతర్యుద్ధం తర్వాత అమెరికన్ చిత్రకారులు ఇలాంటి పల్లె పిల్లల మీద బాగా మనసు పెట్టారు. విన్స్‌లో హోమర్ 1872లో ఎర్ర బడి ముందు చేతులు పట్టుకుని పరుగెత్తే పిల్లలను వేశాడు. థామస్ ఈకిన్స్ 1876లో పెరట్లో ఇటుకల నేల మీద కూర్చుని ఆడుకునే పసిపిల్లను వేశాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు, తియ్యదనం పూయకుండా చూపడం ఆ రియలిజం పద్ధతి. వీళ్లను చూసి వేసిన చిన్న చిత్రకారులు వందల మంది. మీ ఇంటికి వచ్చింది వాళ్లలో ఒకరి పని కావడానికే అవకాశం ఎక్కువ.

ఇలాంటి పటాలు మన దగ్గర పాడయ్యేది రెండు చోట్ల: తుడిచే చేతిలో, తగిలించే గోడ మీద. అందుకే మొదటే ఒక మాట. బొమ్మ ముఖం జోలికి పోకండి. ఇంట్లో చేయగలిగిన మంచి పనంతా వెనకవైపే ఉంది.

అసలు అది పెయింటింగేనా

రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి ఓలియోగ్రాఫులు అచ్చు వేయించినట్టే, అంతకు ముందే బోస్టన్‌లో లూయీ ప్రాంగ్ ఆయిల్ పెయింటింగులకు రంగుల లితో (రాతిపలక అచ్చు) ప్రింట్లు తీసి అమ్మాడు. వాటిలో బాగా అమ్ముడుపోయిన వాటిలో ఈస్ట్‌మన్ జాన్సన్ వేసిన చెప్పుల్లేని పిల్లాడి బొమ్మ ఒకటి. ఇలాంటి ప్రింట్లను కాన్వాస్‌కు అంటించి, వార్నిష్ కొట్టి, కాన్వాస్ నేత ఉబ్బెత్తుగా కనిపించేలా నొక్కి మరీ ఫ్రేమ్ కట్టేవారు. మూడు గజాల దూరం నుంచి తేడా తెలియదు.

అవుసలాయన కంటికి పెట్టుకునే 10 రెట్ల భూతద్దం చాలు. పిల్లాడి చెంప మీద పెట్టి చూడండి. చెంపలో రంగు సన్నని చుక్కలుగా విడిపోతే అది ప్రింటు. చుక్కలు వరుసలో లేకుండా ఇసుక చల్లినట్టు ఉంటే పాత లితో, పువ్వు ఆకారంలో వరుసగా ఉంటే ఈ కాలపు ఆఫ్‌సెట్. కుంచె వెంట్రుకల గీతలు కనిపించి, ఒక రంగు పక్క రంగులోకి తడిగా కలిసిపోయి ఉంటే పెయింటింగ్. గీతలు కనిపించినా అవి బొమ్మలోని ఆకారాలతో సంబంధం లేకుండా ఒకే దిక్కుకు పోతుంటే, ప్రింటు మీద తర్వాత జెల్ పూసి మోసం చేశారని అర్థం.

వెనక్కి తిప్పి చదవండి

ముందు ఫోటోలు తీయండి. పగటిపూట నీడలో, ఫ్లాష్ లేకుండా: ముందువైపు మొత్తం, వెనకవైపు మొత్తం, నాలుగు మూలలు, ప్రతి చీటీ, ప్రతి ముద్ర. ఆ తర్వాతే చెయ్యి పెట్టడం. కాన్వాస్ కొలత అంగుళాల్లో రాసుకోండి. 12×16, 16×20, 20×24, 25×30 లాంటి కొలతలు వస్తే దుకాణంలో కొన్న రెడీమేడ్ కాన్వాస్ అయి ఉంటుంది. వింత కొలత వస్తే అంచులు చూడండి. గడ్డిటోపీ సగంలో తెగిపోయినా, సంతకం అంచుకు ఆనుకుని ఉన్నా ఎవరో ఒకప్పుడు కాన్వాస్‌ను కోసి చిన్నది చేసి ఉండొచ్చు.

కాన్వాస్‌ను లోపలి చెక్క చట్రానికి దేనితో బిగించారో చూడండి. తల ఉన్న చిన్న మేకులు, తుప్పు పట్టి, వాటి చుట్టూ గుడ్డ గోధుమరంగుకు మారి ఉంటే అది పాతకాలపు బిగింపు. స్టేపుల్ పిన్నులు 20వ శతాబ్దం మధ్య నుంచే మామూలయ్యాయి. అయితే పాత కాన్వాస్‌ను కొత్త చట్రానికి ఎక్కించినా స్టేపుల్సే ఉంటాయి కాబట్టి అదొక్కటి చూసి కొట్టిపారేయొద్దు. అంచుల్లో పాత మేకుల కన్నాలు ఉన్నాయేమో వెతకండి. చట్రం మూలల్లో త్రికోణపు చెక్క చీలలు రెండేసి చొప్పున ఉంటాయి. వాటిని లోపలికి తోస్తే చట్రం వెడల్పై కాన్వాస్ బిగుస్తుంది. ఆ చీలల సంగతి కింద మళ్లీ వస్తుంది, అక్కడే చాలామంది దెబ్బతింటారు.

కాన్వాస్ వెనక లండన్ విన్సర్ అండ్ న్యూటన్ పేరో, న్యూయార్క్ డెవో పేరో ముద్ర ఉండొచ్చు. అవి రంగులు, కాన్వాస్ అమ్మిన కంపెనీల పేర్లు. చిత్రకారుడి పేరనుకోకండి. ప్రదర్శన చీటీ, వేలం నంబరు, ఫ్రేమ్ దుకాణం చీటీ, పెన్సిల్ రాత ఏది ఉన్నా చింపకండి. పటం కట్టే దుకాణానికి ఇస్తే "పాతబడ్డది తీసేసినం సార్" అని శుభ్రంగా గీకేసి ఇచ్చే ప్రమాదం ఉంది. పటం చరిత్రకు ఆధారం మొత్తం ఆ చీటీల్లోనే ఉంటుంది.

రెండు టార్చీలు

మామూలు టార్చిని చీకటి గదిలో బొమ్మ పక్క నుంచి, ఉపరితలానికి ఆనినట్టుగా వేయండి. రంగు పొర ఎక్కడ గిన్నెల్లా అంచులు లేచిందో, ఎక్కడ పొక్కు కట్టిందో, ఎక్కడ వెనక నుంచి ఏదో తోసుకొస్తుందో ఆ నీడల్లో తెలుస్తుంది. చట్రం చెక్క లోపలి అంచుకు సరిగ్గా ఎదురుగా, దానికి సమాంతరంగా పొడవాటి పగులు ఉంటే అది వయసు గుర్తు. ఏళ్ల తరబడి కాన్వాస్ ఆ అంచు మీద వంగడం వల్ల వస్తుంది. సాలెగూడులా గుండ్రటి పగుళ్లుంటే వెనక నుంచి ఎవరిదో వేలో మోచెయ్యో తగిలిందన్నమాట. దెబ్బ తగిలిన రోజు ఏమీ కనిపించదు, ఏళ్ల తర్వాత బయటపడుతుంది.

రెండోది 365 నానోమీటర్ల యూవీ టార్చి. నోట్లు చూసే చవక ఊదారంగు టార్చి దీనికి పనికిరాదు. దాని వెలుతురే అన్నిటినీ ఊదాగా కనిపించేలా చేస్తుంది. కళ్లకు యూవీ అద్దాలు పెట్టుకుని చూస్తే, పాత సహజ రెసిన్ (చెట్ల జిగురు) వార్నిష్ పాచిపట్టిన చెరువులా పచ్చగా మెరుస్తుంది. ఆ పచ్చదనంలో నల్లని మచ్చలుంటే ఆ తర్వాత ఎవరో రంగు దిద్దారు. పిల్లల బొమ్మల్లో ఇది ముక్కు దగ్గర, నుదుటి మీద, ఆకాశంలో ఎక్కువ కనిపిస్తుంది. సంతకాన్ని భూతద్దంలో కూడా చూడండి. సంతకం రంగు పగుళ్లలోకి కారి ఉంటే, పగుళ్లు వచ్చాక పెట్టిన సంతకం అది. పెద్ద పేరు ఉండి ఇలా ఉంటే ఆ పేరును మర్చిపోండి. 1880 తేదీ ఉన్న బొమ్మలో టైటానియం తెలుపు ఉందని ల్యాబ్ చెబితే ఆ భాగమైనా తర్వాతిదే. ఆ తెలుపు చిత్రకారుల చేతికి వచ్చింది 1920 ప్రాంతంలో.

పిల్ల అని రాసుకునే ముందు ఒక్క క్షణం ఆగండి. 19వ శతాబ్దపు అమెరికాలో ఐదారేళ్ల దాకా మగపిల్లలకూ గౌనులే తొడిగేవారు. పాపిడి పక్కకు తీసి ఉంటే ఎక్కువగా మగపిల్లాడు, నడిమికి తీసి ఉంటే ఆడపిల్ల.

తుడవకండి

ఉల్లిగడ్డ ముక్క, ఆలుగడ్డ ముక్క, బ్రెడ్డు, నిమ్మరసం, గాజు తుడిచే స్ప్రే, స్పిరిట్, కొబ్బరినూనె. వీటిలో ఏదో ఒకటి ఎవరో ఒకరు చెప్పి తీరుతారు. ఆలుగడ్డ, ఉల్లి, బ్రెడ్డు పగుళ్లలో పిండిపదార్థం, తేమ వదిలిపోతాయి. వానాకాలంలో బూజుకు అదే తిండి. కొబ్బరినూనె రంగును రెండు రోజులు తళతళలాడిస్తుంది, తర్వాత దుమ్మును పట్టి బంకలా గట్టిపడుతుంది. అవిసె నూనె ఇంకా అన్యాయం. ఆరి పసుపెక్కి, ఇక వేరు చేయలేనంతగా రంగుతో కలిసిపోతుంది. నీళ్లు పగుళ్ల గుండా దిగి కాన్వాస్ మీది జిగురు పొరను ఉబ్బిస్తాయి, రంగు పెచ్చులై లేస్తుంది.

స్పిరిట్, థిన్నర్ సంగతి వేరు. వాటితో పసుపెక్కిన వార్నిష్ నిజంగానే కరుగుతుంది. దూది పచ్చగా అయ్యి, కింద నీలి ఆకాశం బయటపడుతుంది. చేసేవాడికి ఉత్సాహం వచ్చేదీ, బొమ్మ పోయేదీ ఆ నిమిషంలోనే. పిల్లాడి చెంప ఎరుపు, టోపీ అంచు కింది నీడ, ఆకుల మధ్య చీకటి వేయడానికి చాలామంది రంగులో కొంచెం రెసిన్ కలిపి పలచని పొరలుగా పూసేవారు. వార్నిష్‌ను కరిగించే ద్రావకం ఆ పొరలను కూడా కరిగిస్తుంది. సీసపు తెలుపు ఎక్కువున్న ఆకాశం గట్టిది, తట్టుకుంటుంది. అందుకే ఆకాశం మూలలో పరీక్ష చేసి "ఏం కాలేదు" అనుకుని ముఖం మీదికి వస్తే ముఖం చెరిగిపోతుంది. పచ్చబడ్డ బొమ్మను పచ్చగానే ఉంచుకోవడం నష్టం కాదు.

చేయగలిగింది ఒక్కటే. టార్చి పరీక్షలో ఒక్క పెచ్చు కూడా లేవలేదని తేలితే, మేక వెంట్రుకల మెత్తని 2 అంగుళాల బ్రష్షుతో పైనుంచి కిందికి దుమ్ము దులపండి. ఏడాదికి ఒకసారి చాలు. బట్ట వద్దు, దాని పోగులు లేచిన అంచులకు తట్టుకుంటాయి. ఈకల కట్ట అసలే వద్దు. బంగారు ఫ్రేమ్‌కు కూడా తడి తగలనీయకండి. నీటితో వేసిన బంగారు రేకు ఒక్క తడి గుడ్డతో ఊడి వస్తుంది, కింద ఎర్రమట్టి పొర కనిపిస్తుంది. మన షాపుల్లో దొరికే గోల్డ్ పెయింట్ నిజానికి ఇత్తడి పొడి, ఏడాది రెండేళ్లలో గోధుమరంగుకు తిరుగుతుంది. దాన్ని పూయించకండి.

వెనకవైపు పని

కాన్వాస్‌కూ చట్రం కింది చెక్కకూ మధ్య సందులో దుమ్ము, రాలిన సున్నం, మేకులు, చచ్చిన పురుగులు చేరతాయి. బయటికి కనిపించదు గానీ కింది అంచున బొమ్మ ఉబ్బినట్టు ఉంటుంది. రంగు గట్టిగా ఉంటేనే ఇది చేయండి: మెత్తని దుప్పటి మీద పటాన్ని తలకిందులుగా నిలబెట్టి, ఇంకొకరిని పట్టుకోమని, పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కను మూలలు గుండ్రంగా కత్తిరించి ఆ సందులో చాలా నిదానంగా కదపండి. చెత్త దానంతట అదే రాలుతుంది. కాన్వాస్ మీద వేలితో నెట్టకండి.

ఇప్పుడు చీలలు. జులై, ఆగస్టుల్లో కాన్వాస్ వదులై అలలు తేలినట్టు కనిపిస్తుంది. అది చూసి వడ్లాయనను పిలిచి చీలలు కొట్టిస్తారు. కాన్వాస్ మీది జంతువుల జిగురు పొర తేమకు మెత్తబడి వదులవుతుంది, ఎండకు ముడుచుకుని బిగుస్తుంది. వానాకాలంలో బిగించిన కాన్వాస్ ఏప్రిల్, మేలో డప్పు తోలులా బిర్రుగా లాగుకుని, పాతబడి పెళుసెక్కిన రంగు పగిలిపోతుంది. వదులు కనిపిస్తే డిసెంబరు దాకా ఆగండి. చాలాసార్లు అదే సర్దుకుంటుంది. అప్పటికీ వదులుగా ఉంటే అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని. మీరు చేయాల్సింది చీలలు ఊడి సందులో పడకుండా చూడటం. చీల, చట్రం కలిసే చోట అంగుళం వెడల్పు గుడ్డ టేపు ముక్క అతికించండి. సుత్తి వద్దు.

తర్వాత వెనకమూత. ఈ ఒక్క పని చేసినా చాలు అనేంత ముఖ్యమైనది. 3 లేదా 4 మిల్లీమీటర్ల పాలీప్రొపిలీన్ గొట్టాల షీటు ఫ్లెక్సీ దుకాణాల్లో దొరుకుతుంది. సన్‌బోర్డు ఇస్తామంటారు, వద్దనండి. అది పీవీసీ, మన ఎండలకు నెమ్మదిగా ఆమ్లపు ఆవిరి వదులుతుంది. థర్మాకోల్, అట్టపెట్టె కూడా వద్దు, అట్టను చెదలు ముందు పట్టుకుంటాయి. షీటును లోపలి చట్రం బయటి కొలత కంటే చుట్టూ అర సెంటీమీటరు తక్కువగా కోసి, చట్రం చెక్కకు 12 మిల్లీమీటర్ల స్క్రూలతో, వాషర్లు పెట్టి, జానెడుకు ఒకటి చొప్పున చేత్తో బిగించండి. ముందు చెక్క మందం కొలవండి, స్క్రూ చెక్కలోకి దిగేది ఆ మందంలో సగం దాటకూడదు. చీటీలు మూత కిందికి పోతాయి కాబట్టి వాటి ఫోటోల ప్రింటు తీసి మూత మీద కవరులో పెట్టండి. ఈ మూత తేమ హెచ్చుతగ్గులను నెమ్మది చేస్తుంది, దుమ్మును, బల్లిని, మట్టిగూళ్లు కట్టే కందిరీగలను ఆపుతుంది. వినాయక నిమజ్జనం నాడు డీజే బాక్సులు వీధిలోకి వచ్చినప్పుడు కాన్వాస్ వణుకును కూడా తగ్గిస్తుంది. ఇది తమాషాకు చెప్పడం లేదు, పెచ్చులు రాలేది ఆ వణుకుకే.

ఏ గోడకు

డిజిటల్ తేమ మీటరు ఒకటి కొని తగిలించాలనుకున్న చోట ఏడాది పాటు పెట్టి చూడటం మంచిది. అంత ఓపిక లేకపోతే మే నెలలో ఒక వారం, ఆగస్టులో ఒక వారం. తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే బొమ్మ సుఖంగా ఉంటుంది. మన దగ్గర మే మధ్యాహ్నం 30 కంటే కిందికి, ఆగస్టు పొద్దున 80 పైకి పోతుంది. అంకె కంటే అది మారే వేగమే ఎక్కువ చెరుపు చేస్తుంది. రెండు నెలల్లో మెల్లగా 30 నుంచి 70కి పోతే కాన్వాస్ సర్దుకుంటుంది, ఒక్క గంటలో పోతే సర్దుకోలేదు. ఆ ఒక్క గంటలో మార్చేది ఎండాకాలపు కూలర్. గడ్డి తడకల గుండా వచ్చే తడిగాలి గదిలో తేమను చూస్తుండగానే పెంచుతుంది, కరెంటు పోగానే మళ్లీ పడిపోతుంది. కూలర్ గదిలో పాత ఆయిల్ పెయింటింగ్ పెట్టకూడదు. రాత్రంతా ఏసీ, పగలంతా ఆపేసే పడకగది కూడా అంతే.

ఒక వైపు ఎండ, ఇంకో వైపు గది ఉన్న గోడలన్నీ పక్కన పెట్టండి. పడమటి గోడ సాయంత్రానికి వెచ్చబడి అర్ధరాత్రి దాకా వేడి వదులుతుంది. స్లాబు కింది పై అంతస్తు అంతకంటే ఘోరం. స్నానాల గది గోడ, ట్యాంకు పైపు పోయే గోడ, వంటింటి గోడ, అగరుబత్తి పొగ తగిలే దేవుడి అర్ర పక్క గోడ, ఏవీ పనికిరావు. మిగిలేది ఇంటి నడుమ రెండు గదుల మధ్య గోడ, కింది అంతస్తులో. అక్కడ కిటికీ ఎండ ఏ నెలలోనూ నేరుగా పడకుండా చూసుకోండి. అద్దకపు రంగులతో చేసిన, లేక్ అని పిలిచే పాతకాలపు ఎరుపులు చాలావరకు వెలుతురుకు వెలిసిపోతాయి. పిల్లాడి చెంపలు పాలిపోయాయంటే తరచూ కారణం అదే, పోయిన ఎరుపు తిరిగి రాదు. 200 లక్స్ (వెలుతురు కొలత) లోపు ఎల్‌ఈడీ వెలుతురు చాలు. ఫ్రేమ్‌కే బిగించే దీపం వద్దు.

బియ్యపు మిల్లులున్న మిర్యాలగూడలో ఊక దుమ్ము, హుజూర్‌నగర్ వైపు సిమెంటు దుమ్ము ఉంటుంది. సిమెంటు దుమ్ము క్షారం. వానాకాలపు తేమతో కలిస్తే ఆయిల్ రంగును తింటుంది. అలాంటి చోట ముందు 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటు పెట్టించడం తప్పు కాదు, బొమ్మకూ షీటుకూ మధ్య కనీసం 5 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. పెచ్చులు లేచిన బొమ్మకు మాత్రం యాక్రిలిక్ వద్దు, దాని స్టాటిక్ ఆకర్షణకు పెచ్చులు ఊడి అతుక్కుంటాయి.

తగిలించడానికి పాత తీగను నమ్మకండి. ఫ్రేమ్ రెండు వైపులా, పై నుంచి మూడో వంతు కిందికి, చెరొక డి-రింగు బిగించి, గోడకు రెండు చోట్ల 6 మిల్లీమీటర్ల కన్నం, ప్లగ్గు, 40 మిల్లీమీటర్ల స్క్రూ వేయండి. ఒక్క మేకుకు వేలాడే పటం ఫ్యాను గాలికి వంకర తిరుగుతూ ఉంటుంది. ఫ్రేమ్ కింది మూలల వెనక ఒక సెంటీమీటరు మందం బెండు ముక్కలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. గోడకు ఆనించి కడితే వానాకాలంలో వెనక బూజు ఖాయం.

బూజు, పుచ్చు, చెదలు

వెనక తెల్లని పొడిలా బూజు కనిపిస్తే తడిపి తుడవకండి. ఎన్95 మాస్కు పెట్టుకుని, పటాన్ని పొడిగా, ఎండ పడని గదికి మార్చి, ఫ్యాను నేరుగా తగలకుండా రెండు మూడు వారాలు ఆరనివ్వండి. బాగా ఆరాక బయటికి తెచ్చి, వెనకవైపు మాత్రమే మెత్తని బ్రష్షుతో దులపండి. ఎండలో పెడితే బూజు చస్తుందని వరండాలో పెట్టడం చూస్తుంటాం. బూజు సంగతేమో గానీ, ఆ వేడికి వార్నిష్ మెత్తబడి దుమ్ము మింగుతుంది. ముందువైపు నీలి పొగలా మసక కమ్మితే అది బూజు కాదు, వార్నిష్‌లోకి తేమ చేరడం. దాన్ని రుద్దకండి.

చట్రం కింద సన్నని కొత్త చెక్క పొడి రాలుతుంటే పుచ్చు పురుగు బతికే ఉంది. ఆ పటాన్ని మిగతా చెక్క సామాను నుంచి వేరు చేయండి. చెదల మందు గోడకు, నేలకు కొట్టించండి గానీ పటం మీద స్ప్రే చేయనీయకండి, ఆ మందులోని ద్రావకం వార్నిష్‌ను కరిగిస్తుంది. మందు కొట్టే ముందే పటాన్ని వేరే ఇంటికి పంపి, వాసన పూర్తిగా పోయాక తెచ్చుకోండి. నాఫ్తలీన్ గోళీలు కూడా వెనక పెట్టకండి.

తెచ్చేటప్పుడు

అమెరికాలో ఉన్న మీ పిల్లలకు ముందే చెప్పండి: పాత ఆయిల్ పెయింటింగ్‌ను చుట్టకూడదు. పగుళ్లన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. బబుల్ షీటు రంగుకు నేరుగా తగలకూడదు, వేడికి బుడగల గుర్తులు వార్నిష్‌లో అచ్చుపడతాయి. ముందు జారుడుగా ఉండే గ్లాసీన్ కాగితం, మూలలకు ఫోమ్ ముక్కలు, ఆ తర్వాత బబుల్, బుడగలు బయటివైపుకు. విమానం లగేజీకి పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు మామూలు పరిమితి. 20×24 కాన్వాస్ ఫ్రేమ్ తీసేస్తే పెట్టెతో సహా అందులో సరిపోతుంది. చెక్క పెట్టెలో కార్గోగా పంపితే ఆ చెక్కకు పురుగు లేకుండా శుద్ధి చేసిన ముద్ర ఉండాలి. కొన్న రశీదు, కస్టమ్స్ కాగితాలు పారేయకండి. 100 ఏళ్లు దాటిన చిత్రం 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి రావచ్చు. తిరిగి అమెరికాకు పంపాలనుకున్న రోజు, అది బయటి నుంచి వచ్చిందని చూపేది ఆ కాగితాలే.

రంగు పెచ్చులు రాలుతుంటే వెంటనే గోడ మీది నుంచి దించి, ముఖం పైకి ఉండేలా బల్ల మీద చదునుగా పడుకోబెట్టి, రాలిన ప్రతి ముక్కనూ చిన్న కవరులో వేసి అది ఏ చోటి నుంచి రాలిందో రాసి పెట్టండి. ఫెవికాల్ పెట్టకండి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో కన్జర్వేషన్ ల్యాబ్ ఉంది. బయటివాళ్ల పని తీసుకోకపోయినా ఎవరి దగ్గరికి పోవాలో అడగడానికి అది సరైన చోటు. మీరు తీసిన ఫోటోలు, పక్క వెలుతురులో తీసినవి సహా, వెంట తీసుకుపోండి. పటాన్ని మొదటిసారే బస్సులో వేసుకుని పోవద్దు. పనివాడిని ఎంచుకునేటప్పుడు ఒక ప్రశ్న అడగండి: "ముందు ఏం చేస్తారు?" మూల చూసి చిన్న చోట పరీక్షలు చేసి, రాసిచ్చి, ఆ తర్వాత చెబుతానన్నవాడికి ఇవ్వండి. మూడు రోజుల్లో కొత్తదానిలా చేసిస్తానన్నవాడికి ఇవ్వకండి.